దసలి పట్టుపురుగు: మద్దిచెట్టు మీద గుడ్డు నుంచి కాయ దాకా

మల్బరీ పట్టుపురుగును పెంచిన అలవాటుతో దసలి పురుగు జోలికి వెళ్తే మొదటి వారంలోనే సగం పంట పోతుంది. మల్బరీ పురుగు వేల ఏళ్లుగా మనిషి చేతి కిందే బతికి ఎగరడం కూడా మరిచిపోయింది. తట్టలో ఆకు వేస్తే తింటుంది, వేయకపోతే అక్కడే పడి ఉంటుంది. దసలి ఇప్పటికీ అడవి పురుగే. చెట్టు మీదే తింటుంది, వానలో తడుస్తుంది, ఎండకు ఆకు కిందికి జరుగుతుంది. ఆకు అయిపోతే కాండం పట్టుకుని దిగి ఇంకో చెట్టు వెతుక్కుంటుంది. మనం చేయగలిగింది రెండే: రోగం లేని గుడ్డు తెచ్చుకోవడం, మొదటి పది పన్నెండు రోజులు పిల్లపురుగును కాపాడటం. ఈ రెండూ సరిగ్గా జరిగితే మిగతా పని చాలావరకు చెట్టే చూసుకుంటుంది. అందుకే ఇక్కడ విత్తనం గురించి, చాకీ దశ (పిల్లపురుగు తొలి రోజులు) గురించి ఎక్కువ చెప్పి మిగతావి అవసరం మేరకే చెబుతున్నాం.

పురుగు పుట్టుపూర్వోత్తరాలు

దీని శాస్త్రీయ నామం ఆంథరియా మైలిట్టా. 1773లో డ్రూరీ దీన్ని వర్ణించాడు. సాటర్నిడే కుటుంబానికి చెందిన పెద్ద రాత్రిచిలుక ఇది. జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భ అడవుల నుంచి తెలంగాణలో గోదావరి, ప్రాణహిత ఒడ్డు అడవుల దాకా ఉంది. మన దగ్గర చెన్నూరు, మహదేవ్‌పూర్, కాళేశ్వరం చుట్టుపక్కల దీని పెంపకం పాత వృత్తి. ప్రాంతాన్ని బట్టి పురుగు తెగ మారుతుంది. సింగ్‌భూమ్ వైపుది డాబా, బస్తర్ సాల అడవులది రైలీ, ఒడిశా సిమిలిపాల్‌ది మోడల్, మన అడవులది ఆంధ్రా లోకల్. రైలీ, మోడల్ తెగలు అడవిలో సొంతంగా కాయ (పట్టుగూడు) కట్టుకుంటాయి. వాటిని తోటలో పెంచడం కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డాబాతోనో, స్థానిక తెగతోనో మొదలుపెట్టడం మేలు. రాంచీలోని కేంద్ర దసలి పరిశోధన, శిక్షణ సంస్థ 1964 నుంచి ఈ పురుగు మీదే పనిచేస్తోంది. మూల విత్తనం పని బిలాస్‌పూర్ కేంద్రంగా నడిచే సంస్థ చూస్తుంది.

చిలుకలో ఆడా మగా తేడా దూరం నుంచే తెలుస్తుంది. మగది ఇటుక రంగు గోధుమ వర్ణం, ఆడది పసుపు లేదా బూడిద రంగు. రెక్కలు చాచితే ఆడది జానెడు దాకా ఉంటుంది, మగది కాస్త చిన్నది. నాలుగు రెక్కల మీదా కన్నులాంటి గుండ్రని మచ్చ ఉంటుంది, దాని నడుమ పొలుసులు లేని పారదర్శకమైన భాగం ఉంటుంది. రంగు తికమక పెడితే మీసాలు చూడండి. మగదాని మీసం వెడల్పుగా, రెండువైపులా పొడవాటి పళ్లతో ఉంటుంది. ఆడదానిది సన్నగా ఉంటుంది. చీకట్లో ఆడదాని వాసన పసిగట్టాల్సింది మగదే, ఆ వెడల్పంతా అందుకే. చిలుకకు పనిచేసే నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న దానితోనే వారం, పది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కాబట్టి గుడ్ల సంఖ్యైనా, గుడ్డు బలమైనా అంతకుముందు పంటలో పురుగు ఎంత మంచి ఆకు తిన్నదన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఏ పంట ఎప్పుడు

చలికాలం చివర కట్టిన కాయలోని ప్యూపా (పురుగు చిలుకగా మారే నడిమి దశ) వేసవంతా నిద్రలో ఉండి తొలకరికి లేస్తుంది. ఏడాదికి ఎన్ని తరాలన్నది తెగను, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. డాబాలో రెండు పంటల రకం, మూడు పంటల రకం రెండూ ఉన్నాయి. మన వాతావరణంలో మూడు పంటలు వస్తాయి.

మొదటిది మృగశిర, ఆరుద్ర కార్తెల్లో మొదలవుతుంది. వేడి, తేమ రెండూ ఉంటాయి కాబట్టి నెల రోజుల్లోపే పురుగు కాయ కడుతుంది. కానీ కాయ పలుచన. దీన్ని విత్తన పంటగానే చూడాలి, అమ్ముకుని లాభపడదామనుకోవద్దు. రెండోది ఆగస్టు, సెప్టెంబరులో మొదలై 35–40 రోజులు పడుతుంది. మూడోది అక్టోబరు, నవంబరులో మొదలై చలికి నెమ్మదించి 50 రోజులు దాటుతుంది. నెమ్మదిగా పెరిగిన పురుగు ఎక్కువ పట్టు కడుతుంది కాబట్టి కాయ గట్టిగా, బరువుగా వస్తుంది. అయితే పురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపే ఊజీ ఈగ ఎక్కువగా మీద పడేదీ ఈ పంటకే.

కొన్ని ప్యూపాలు ఏప్రిల్, మే నెలల్లో పడే అకాల వానకే లేచిపోతాయి. అప్పటికి చెట్టు మీద ఆకు ఉండదు. ఆ చిలుకలను గుడ్ల కోసం వాడబోయి శ్రమ పడొద్దు, వదులుకోవాల్సిందే. అందుకే విత్తన కాయలు అవసరానికి కనీసం పాతిక శాతం ఎక్కువ పెట్టుకోవాలి.

చెట్లు

నల్లమద్ది, ఏరుమద్ది దీనికి ప్రధానం. రేగు, చెన్నంగి, చిరుమాను, నేరేడు మీద కూడా బతుకుతుంది కానీ పంట కోసం పెంచేటప్పుడు మద్దే మంచిది. తోట వేయాలనుకుంటే ఏరుమద్ది త్వరగా ఎదుగుతుంది, కొమ్మలు కొట్టినా తట్టుకుంటుంది. 6 × 6 అడుగుల ఎడంలో ఎకరాకు 1,210 మొక్కలు పడతాయి. నాలుగో ఏటికి గానీ పురుగు పెట్టొద్దు. లేత మొక్క ఆకంతా పోతే ఆ ఏడు కోలుకోదు.

వేసవి తొలిరోజుల్లో నాలుగైదు అడుగుల ఎత్తున కొమ్మలు కొట్టేస్తే తొలకరికి లేత ఆకు సిద్ధంగా ఉంటుంది. చెట్టు చేతికందే ఎత్తులో పొదలా ఉండాలి. ఇరవై అడుగుల చెట్టు మీద రోగిష్టి పురుగును ఏరలేం, కాకిని తోలలేం. అన్నింటినీ ఒకేసారి కొట్టొద్దు. పిల్లపురుగుకు లేత ఆకు కావాలి, ఐదో దశ (చివరి దశ) పురుగుకు ముదురాకు కావాలి. లేత ఆకులో నీరు ఎక్కువ, అది పెద్ద పురుగుకు విరేచనం తెచ్చి రోగానికి దారి చేస్తుంది. ముదురాకును చిన్న పురుగు కొరకలేదు. తోటను భాగాలుగా విడదీసి, పదిహేను రోజుల తేడాతో కొట్టుకుంటూ వెళ్లండి.

ఎన్ని గుడ్లు పెట్టాలో చెట్టును చూసి తేల్చుకోవాలి. ఒక పురుగు జీవితకాలంలో సుమారు పావు కిలో ఆకు తింటుంది. అందులో ఎనభై శాతం దాకా ఐదో దశలోనే. ఒక డీఎఫ్‌ఎల్, అంటే ఒక తల్లి పెట్టిన రోగరహిత గుడ్లు, సుమారు 200. వాటినుంచి 50 కాయలు చేతికొస్తే మంచి పంటే. ఆ 50 పురుగులు తినేది 12–13 కిలోలు. నడుమ చనిపోయేవి తిన్నదీ, రాలిపోయేదీ కలుపుకుని ఒక డీఎఫ్‌ఎల్‌కు 20 కిలోల ఆకు లెక్క వేసుకోండి. తోటలో ఓ మోస్తరు చెట్టును ఎంచుకుని, ఒక కొమ్మ ఆకు దూసి తూచి, కొమ్మల సంఖ్యతో గుణిస్తే చెట్టుకు ఎంత ఆకుందో తెలిసిపోతుంది. ఈ లెక్క వేయకుండా గుడ్లు తెచ్చినవాళ్లకు ఐదో దశలో ఆకు చాలక పంట చేజారుతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు.

విత్తన కాయల ఎంపిక, నిల్వ

దసలి కాయ అండాకారంలో మూసుకుని ఉంటుంది. పైన గట్టి కాడ, ఆ కాడ చివర కొమ్మను చుట్టి పట్టుకున్న ఉంగరం. ఆకులు రాలిన మద్దిచెట్టు మీద చూస్తే నిజంగా చెట్టుకు కాసిన కాయే అనిపిస్తుంది. విత్తనానికి ఏరేటప్పుడు:

1. ఒకే తోట, ఒకే పంట కాయలే తీసుకోండి. ఆ తోటలో పురుగులు ఎక్కువగా చచ్చి ఉంటే కాయ ఎంత నిగనిగలాడినా వద్దు.
2. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. బరువుగా కదిలితే ప్యూపా బతికుంది. లొటలొటలాడితే ఎండి చచ్చింది. ఏ చప్పుడూ లేకుండా కాయ మీద నల్లటి తడి మరక ఉంటే లోపల కుళ్లింది.
3. నొక్కితే లొంగే పలుచటి కాయలు, రెండు కలిసి కట్టినవి, కాడ లేనివి పక్కన పెట్టండి.
4. అదే కుప్పలో పెద్దవి, బరువైనవి ఎక్కువగా ఆడవి. చిన్నవి మగవి. బాగున్నాయని పెద్దవే ఏరుకుంటే తరువాత మగచిలుకలు చాలవు. సగం సగం ఉండాలి.

ఏరిన కాయలను కాడ పైకి ఉండేలా దారంతో గుచ్చి, ఒక్కో దండకు 40–50 కాయల చొప్పున, దండకూ దండకూ జానెడు ఎడం వదిలి వేలాడదీయాలి. కుప్పగా పోస్తే రెండు నష్టాలు. కింది కాయలకు గాలి ఆడదు, బయటపడిన చిలుక వేలాడటానికి చోటు దొరక్క రెక్కలు ముడుచుకుపోతాయి. చిలుక బయటికి వచ్చాక కాయను పట్టుకుని కిందికి వేలాడితేనే రెక్కల్లోకి ద్రవం పారి అవి విచ్చుకుంటాయి.

గది పూరికప్పుదైతే మంచిది. మే నెల ఎండకు రేకుల గదిలో ప్యూపా ఉడికిపోతుంది. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, నేల మీద ఇసుక పోసి తడుపుతూ ఉండాలి. నీళ్లు మాత్రం కాయల మీద చల్లొద్దు. ఉష్ణోగ్రత 30 డిగ్రీల దరిదాపుల్లో, తేమ 70–75 శాతం ఉండేలా చూసుకోండి. ఎలుక, చీమ లోపలికి రాకుండా దండెం కాళ్లు నీళ్ల పళ్లెంలో ఉంచండి.

చిలుకలు, జతకట్టించడం, గుడ్లు

నాలుగు మంచి వానలు పడగానే చిలుకలు రావడం మొదలవుతుంది. సాయంత్రం దండల దగ్గరికి వెళ్లి కాడ మొదలు పరిశీలించండి. ఆ రాత్రి చిలుక రావాల్సిన కాయకు కాడ కింద చిన్న తడి మచ్చ కనబడుతుంది. లోపలి చిలుక కొకూనేజ్ అనే ఎంజైమును వదిలి, పోగులను అంటించి ఉంచిన జిగురును కరిగిస్తోందన్నమాట. అది పోగులను కొరకదు. తడిసి మెత్తబడిన పోగులను తలతో, కాళ్లతో పక్కకు నెట్టుకుని బయటికి వస్తుంది. చిలుక వెళ్లిపోయిన కాయకు కన్నం ఉన్నా పట్టు పూర్తిగా పాడవదు, వడికి వాడుకోవచ్చు.

మగవి రెండు మూడు రోజులు ముందుగా వస్తాయి. తలుపులకూ కిటికీలకూ వల బిగించకపోతే అవి రాత్రికి రాత్రే వెళ్లిపోతాయి. తెల్లవారుజామున జతకడతాయి. అప్పుడు దీపం వేయడం, దండలు కదిలించడం, గదిలో తిరగడం వద్దు. జత విడిపోతే మళ్లీ కట్టడం అంత తేలిక కాదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు జతలో ఉండనిచ్చి, మధ్యాహ్నం మెల్లగా విడదీయండి. లాగొద్దు. రెండింటి పొట్టలూ పట్టుకుని కొద్దిగా తిప్పితే విడిపోతాయి. త్వరపడి రెండు మూడు గంటలకే విడదీస్తే గుడ్లలో చాలావరకు పొదగవు.

విడదీసిన ఆడచిలుక రెక్కలు సగానికి కత్తిరించి, ఒక్కోదాన్ని ఒక్కో మట్టి ముంతలోనో, గాలి ఆడే డబ్బాలోనో పెట్టి మూయండి. మీద ఒక నంబరు రాయండి. ఈ నంబరే తరువాత పరీక్షకు ఆధారం. రెండు తల్లులను ఒకే ముంతలో పెడితే ఒకదాని రోగం రెండోదాని గుడ్లకు అంటుతుంది, పరీక్ష చేసినా ఎవరి గుడ్లు ఏవో తెలియదు. మొదటి మూడు రాత్రుల్లో పెట్టిన గుడ్లే తీసుకోండి. ఆ తరువాత పెట్టేవి కొద్ది, అవీ బలహీనం.

తల్లిచిలుక పరీక్ష

దీన్ని దాటవేసి ఎవరూ రెండో పంట దాకా నిలబడలేదు. పెబ్రిన్ అనే రోగం నొసీమా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. అది తల్లి గర్భం నుంచే గుడ్డులోకి చేరుతుంది. అలా పుట్టిన పురుగుకు మందు లేదు, అది వేసే పెంటికల ద్వారా చెట్టు మీది మిగతా పురుగులకూ అంటుతుంది. తల్లిని పరీక్షించి గుడ్లను ఎంచే పద్ధతి 1860ల్లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ మల్బరీ పురుగు కోసం రూపొందించింది. ఇప్పటికీ దాన్ని మించింది లేదు.

మూడో రోజు గుడ్లు తీసుకున్నాక, తల్లి పొట్ట చివరి భాగాన్ని చిన్న కల్వంలో పలుచని పొటాషియం కార్బొనేట్ ద్రావణంతో నూరి, ఒక చుక్క గాజు పలక మీద వేసి 600 రెట్లు పెద్దగా చూపే సూక్ష్మదర్శినిలో చూడాలి. కోలగా, అంచులు స్పష్టంగా, మెరుస్తూ కనిపించే సిద్ధబీజాలు ఒక్కటి కనబడినా ఆ నంబరు గుడ్లన్నీ కాల్చేయాలి. ఒక్కో చుక్కలో కనీసం ఐదు చోట్ల చూడండి. కొవ్వు బొట్లు కూడా మెరుస్తాయి కానీ అవి గుండ్రంగా, రకరకాల సైజుల్లో ఉంటాయి. బీజాలన్నీ దాదాపు ఒకే కొలతలో ఉంటాయి. ఈ పనికి చేయి తిరగాలి. సూక్ష్మదర్శిని లేనివాళ్లు సొంత గుడ్లు తీయకుండా, పరీక్ష చేసిన డీఎఫ్‌ఎల్‌లనే ప్రభుత్వ విత్తన కేంద్రం నుంచి తెచ్చుకోవాలి.

పాసైన గుడ్ల మీద గోధుమరంగు జిగురు అంటుకుని ఉంటుంది. దాంట్లోనే బాక్టీరియా, వైరస్ దాక్కుంటాయి. పలుచని సబ్బు నీళ్లలో మృదువుగా రుద్ది కడిగి, పారే నీళ్లలో జాడించి, 5 శాతం ఫార్మలిన్‌లో 5 నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా మళ్లీ కడిగి, నీడలో పలుచగా ఆరబెట్టాలి. 36 శాతం ఫార్మలిన్ ఒక వంతుకు 6.2 వంతుల నీళ్లు కలిపితే 5 శాతం అవుతుంది. గాలి ఆడే చోట, చేతి తొడుగులతో, ముఖానికి గుడ్డ కట్టుకుని చేయండి.

పొదగడం, చెట్టెక్కించడం

గుడ్డు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. 28–30 డిగ్రీల వేడిలో, 75–80 శాతం తేమలో 8–10 రోజులకు పొదుగుతుంది. పలుచగా ఒక వరసగా పరచి ఉంచండి. తేమ తగ్గితే పురుగు గుడ్డులో తయారైనా పెంకు చీల్చుకుని రాలేదు.

పొదిగేది తెల్లవారి నుంచి ఎండ పొద్దెక్కేలోపు. అందుకని ముందురోజు సాయంత్రమే గుడ్లను ఆకు దొన్నెల్లో వేసి, దొన్నెను కొమ్మ చివరకు ఆనించి పుల్లతో గుచ్చి సిద్ధం చేయండి. ఒక్కో దొన్నెలో ఒక్కో డీఎఫ్‌ఎల్. పిల్లపురుగు పెంకును కొంచెం తిని, వెలుతురు ఉన్న వైపు, పైకి పాకుతుంది. దొన్నె కొమ్మ కంటే కిందుగా ఉంటే దానంతట అదే లేత ఆకు చేరుతుంది. అంతేగానీ ఈకతో ఊడ్చి ఆకు మీద వేయడం మంచిది కాదు. మధ్యాహ్నం ఎండలో ఎక్కిస్తే ఆకు చేరేలోపే చాలా పురుగులు ఎండిపోతాయి.

మొదటి, రెండో రోజు పొదిగినవే ఒక తోటలో పెట్టండి. మూడో రోజువి వేరే చెట్లకు. కలిపేస్తే కొన్ని జ్వరంలో, అంటే చర్మం విడిచే దశలో ఉండగా కొన్ని తింటూ ఉంటాయి, మార్పిడి సమయానికి దేన్నీ కదిలించలేం.

చాకీ: మొదటి పన్నెండు రోజులు

పుట్టినప్పుడు పురుగు ఏడు మిల్లీమీటర్లు ఉంటుంది. ఒళ్లు గోధుమ పసుపు, తల నలుపు. రెండు రోజుల్లో ఆకుపచ్చగా మారుతుంది. చివరికి 13 సెంటీమీటర్లు పెరిగి 40 గ్రాములు దాటుతుంది. ఆ మధ్యలో నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. రైతులు దాన్నే జ్వరం అంటారు. పిల్లపురుగుకు ఆకును పట్టుకునే బలం తక్కువ. ఒక గట్టి వాన, ఒక చీమల బారు చాలు, చెట్టు ఖాళీ.

కాబట్టి తోటలో గుబురుగా ఉన్న చెట్లను ఒక మూల చాకీకి కేటాయించి, ఆ మొత్తానికి నైలాన్ వల పందిరి వేయండి. వల చెట్టుకు తగలకూడదు. తగిలితే పురుగు వల మీదికి పాకి ఆకలితో చస్తుంది. అంచులను మట్టిలో పాతాలి. పురుగు పెట్టడానికి వారం ముందే ఈ పనులు ముగించాలి:

చెట్ల కింద గడ్డి చెక్కేయండి. ఆకులు కలిపి కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్రచీమల గూళ్లు కొమ్మతో సహా కోసి కాల్చండి. ఒక్క గూడు మిగిలినా రెండు రోజుల్లో ఆ చెట్టు మీద పురుగు ఉండదు. వల లోపల కందిరీగ తుట్టెలు, సాలెగూళ్లు, గొల్లభామ గుడ్ల సంచులు వెతికి తీసేయండి. చివరగా 9 వంతుల సున్నం, 1 వంతు బ్లీచింగ్ పౌడర్ కలిపి చెట్ల మొదళ్ల చుట్టూ చల్లండి. ఆకు మీద పడకూడదు.

పురుగు ఎక్కాక రోజుకు రెండుసార్లు, ఉదయం, సాయంత్రం తిరిగి చూడాలి. చూడాల్సింది ముఖ్యంగా కాంథెకోనా అనే నల్లిని. డాలు ఆకారపు ఒళ్లు, భుజాల దగ్గర ముళ్లు ఉంటాయి. పురుగు ఒంట్లోకి ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది, వాడిపోయి నల్లబడిన పురుగు వేలాడుతూ కనబడుతుంది. మందు కొడితే పట్టుపురుగే ముందు చస్తుంది కాబట్టి చేత్తో పట్టి సబ్బు నీళ్ల డబ్బాలో వేయడమే మార్గం. ఆకు అడుగున వరసగా పెట్టిన దాని గుడ్లను కూడా ఆకుతో సహా తీసేయాలి. మందుకు పట్టుపురుగు తట్టుకోలేదు కాబట్టే చుట్టుపక్కల తోటల్లో పురుగుమందులు కొట్టే చోట దసలి పెట్టొద్దంటారు. గాలికి వచ్చిన తుంపర చాలు.

జ్వరం వస్తున్న పురుగు తినడం ఆపి, కొమ్మ మీద సన్నటి పట్టు అల్లుకుని దాన్ని కాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. తల కొంచెం ఎత్తి కదలకుండా ఒక రోజంతా ఉంటుంది. చూసి చచ్చిందనుకునేవాళ్లున్నారు. దాన్ని కదిలిస్తే పట్టు తప్పి పాత చర్మం విడవలేక నిజంగానే చస్తుంది. కొత్త తల ఒంటికంటే పెద్దగా, లేతరంగులో కనిపించిందంటే జ్వరం దిగినట్టు.

తోటలోకి మార్పిడి

రెండో జ్వరం దిగాక వల బయటి చెట్లకు మార్చవచ్చు. చెట్టు మీద ముప్పాతిక వంతు ఆకు తినేసరికి మార్చేయాలి. పూర్తిగా అయ్యేదాకా ఆగొద్దు. పురుగులు కాండం మీదుగా తలకిందులుగా దిగుతుంటే అప్పటికే ఆలస్యమైంది.

పురుగును వేళ్లతో లాగకండి. కడుపు కింది కాళ్లకు కొక్కేలుంటాయి, లాగితే కాలు తెగి కొమ్మ మీదే మిగిలిపోతుంది, గాయం గుండా రోగం ఎక్కుతుంది. కొమ్మల కత్తెరతో పురుగులున్న రెమ్మను కోసి, కొత్త చెట్టు చీలికలో నిలబెట్టండి. రెమ్మ వాడేకొద్దీ పురుగులే పచ్చటి ఆకుకు వెళ్లిపోతాయి. ఉదయం చల్లటి వేళో, సాయంత్రం నాలుగు తరువాతో చేయండి. ఒకే కొమ్మ మీద గుంపుగా వదలొద్దు. ఐదో దశలో ఒకదాని మీదుగా ఒకటి పాకి గోళ్లతో గీరుకుంటాయి.

ఈ దశలో పురుగు ఆకుపచ్చ ఒంటి పక్కన వెండి రేకులాంటి మెరిసే మచ్చలు కనబడతాయి. అవి రోగం కాదు, పెంచే రైతులు ఆరోగ్యానికి గుర్తుగానే చూస్తారు. పసుపు, నీలం రంగు పురుగులు కూడా అరుదుగా వస్తాయి, అవీ మామూలువే.

కాకులు, ఉడతలు, తొండలు పొద్దున, సాయంత్రం వస్తాయి. కాపలా తప్ప వేరే ఉపాయం పనిచేయదు. దిష్టిబొమ్మకు కాకి మూడో రోజుకే అలవాటుపడుతుంది.

రోగాలను పోల్చుకోవడం

వెనుక కాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, ఒళ్లు మెత్తబడి, గోధుమరంగు ద్రవం కారుతుంటే వైరస్. ఎండ తీవ్రంగా ఉండి వెంటనే వాన పడే రోజుల్లో ఇది విజృంభిస్తుంది. మలద్వారం మూసుకుపోయి పెంటికలు గొలుసులా అంటుకుని వేలాడితే బాక్టీరియా. పురుగు ఎండి గట్టిపడి, మీద బూజు పొర కనిపిస్తే శిలీంధ్రం, ఎక్కువగా చలిపంటలో. ఒకే రోజు పొదిగిన పురుగుల్లో కొన్ని బాగా పెరిగి కొన్ని చిన్నగా మిగిలిపోయి, జ్వరాలు వెనకబడుతుంటే పెబ్రిన్ అనుమానించి ఒకటి రెండు పురుగులను సూక్ష్మదర్శిని కింద చూపించండి.

ఏ రోగమైనా చేసే పని ఒక్కటే. పురుగును చిమటాతో తీసి, సున్నం బ్లీచింగ్ పౌడర్ ఉన్న డబ్బాలో వేసి, తోటకు దూరంగా గోతిలో పూడ్చండి. చెట్టు కింద విసిరేస్తే వానకు చిట్లి ఆకుకు అంటుతుంది. రోగిని పట్టిన చేత్తో బాగున్న పురుగును ముట్టుకోవద్దు. ఊజీ ఈగ విషయం వేరు. దాని పిల్లపురుగు దసలి పురుగు ఒంట్లోనే పెరిగి, చివరికి కాయను తొలుచుకుని బయటపడి నేలలో ప్యూపా అవుతుంది. అందుకే చలిపంటలో కోసిన కాయలను గచ్చు నేల మీదే పోయాలి. మట్టి నేల దొరికితే అది తరువాతి తరానికి నాటినట్టే. రోజూ ఊడ్చి, దొరికిన తెల్లటి పురుగులను, ముదురు రంగు ప్యూపాలను కాల్చేయండి.

కాయ కట్టడం, కోత

పక్వానికి వచ్చిన పురుగు తిండి మాని, కడుపులో మిగిలిందంతా విసర్జించి, రెండు మూడు ఆకులను దగ్గరికి లాగి పట్టుతో కలుపుతుంది. మొదట కొమ్మకు ఉంగరం, కాడ అల్లి, తరువాత ఆ ఆకుల ఊయల లోపల కాయ కడుతుంది. ఈ సమయంలో కొమ్మ ఊగితే కాయ వంకరపోతుంది. చెట్టు మీద ఆకు మరీ తక్కువైతే ఊయలకు ఆకు దొరక్క పురుగు పట్టు వృథా చేస్తుంది. ఐదో దశ చివర చెట్టుకు పదో వంతైనా ఆకు మిగిలి ఉండాలన్నది అందుకే.

కట్టడం మొదలైన ఆరు నుంచి ఎనిమిది రోజులకు కోయండి. ముందే కోస్తే లోపల ఇంకా పురుగు రూపంలోనే ఉండి, కదలికకు నలిగి చచ్చి కాయకు మరక పడుతుంది. కాయను పీకొద్దు. ఉంగరం ఉన్న చోట కొమ్మను కత్తెరతో కోసి, ఆకులు వలిచి, కాడ విరగకుండా విడదీయండి. ఆ రోజే మూడు కుప్పలు చేయండి: విత్తనానికి, అమ్మకానికి, మరకలూ కన్నాలూ ఉన్నవి. అమ్మకపు కాయల్లో ప్యూపాను ఆవిరితోనో, నాలుగైదు రోజుల తీవ్రమైన ఎండతోనో చంపాలి. ఆవిరి పట్టాక పూర్తిగా ఆరనివ్వకుండా సంచుల్లో కడితే బూజు పడుతుంది. కాయను చెవి దగ్గర ఊపితే లోపల ప్యూపా ఎండి గలగలలాడాలి. అప్పుడే గాలి ఆడే గోనెసంచుల్లో నింపి, నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చండి. నెలకోసారి సంచి విప్పి చూడండి. ఎండిన ప్యూపా వాసనకు వచ్చే చిన్న నల్లటి పెంకుపురుగులు కాయను తొలిచేస్తాయి, కన్నం పడిన కాయకు పట్టుదారం తీసేవాళ్లు సగం ధర కూడా పెట్టరు.